కేటలాగులో పుస్తకం వెతుక్కోవడం ఎలా? ఓరుగల్లు ప్రశ్నతో మొదలుపెడదాం

హనుమకొండలోనో, కరీంనగర్‌లోనో, జగిత్యాలలోనో ఉండి పాత కావ్యాలు, చరిత్ర, భాషాశాస్త్రం చదవాలనుకునేవాళ్లకు ఒక ఇబ్బంది ఉంది. పోటీ పరీక్షల గైడ్లు ఏ వీధిలోనైనా దొరుకుతాయి. బసవపురాణం కావాలన్నా, కాకతీయుల మీద మంచి పరిశోధన గ్రంథం కావాలన్నా అల్మారా ముందు నిలబడి నాలుగు పేజీలు తిప్పి చూసి తీసుకునే వీలు తక్కువ. అందుకే మనకు కేటలాగే షాపు. అది లైబ్రరీలో కార్డుల డ్రాయర్ కావచ్చు, ప్రచురణకర్తలు పంపే ధరల పట్టిక కావచ్చు, ఫోన్‌లో తెరిచే జాబితా కావచ్చు. వేల పేర్లు ఒకదాని కింద ఒకటి ఉంటాయి. పది నిమిషాలు చూసేసరికి కళ్లు అలసిపోతాయి. తెలిసిన పేరు ఏది కనిపిస్తే దానికి టిక్కు పెట్టి మూసేస్తాం. మనకు నిజంగా కావలసిన పుస్తకం రెండు పేజీల అవతలే ఉండిపోతుంది.

కేటలాగును నెమ్మదిగా, పుస్తకం చదివినంత శ్రద్ధగా చదవాలి. చదవడానికి ఒక పద్ధతి ఉంది. నేను ఏళ్లుగా పాటిస్తున్నదే ఇక్కడ చెప్తున్నాను.

ముందు ఒక ప్రశ్న రాసుకోండి

కేటలాగు తెరవకముందే ఒక కాగితం తీసుకోండి. దాని మీద పుస్తకం పేరు వద్దు, ఒక ప్రశ్న రాయండి. "సాహిత్యం చదవాలి" అన్నది ప్రశ్న కాదు. "కాకతీయుల కాలంలో ఓరుగల్లు వీధుల్లో మనుషులు ఏం తిన్నారు, ఎక్కడ తిరిగారు, ఏ దేవుళ్లకు మొక్కారు?" అన్నది ప్రశ్న. ఖిలా వరంగల్ తోరణాల కింద నిలబడిన ఎవరికైనా ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ప్రశ్నే ఇది. ఈ వ్యాసమంతా దీన్నే పట్టుకుని నడుస్తాను. మీ ప్రశ్న వేరేది కావచ్చు, నడిచే దారి మాత్రం ఇదే.

ప్రశ్న కింద ఆ విషయానికి ఉన్న పేర్లన్నీ రాయండి. ఓరుగల్లు, ఏకశిలానగరం, వరంగల్, కాకతీయులు, కాకతి, ప్రతాపరుద్రుడు, రుద్రమదేవి, గణపతిదేవుడు, మధ్యయుగ ఆంధ్రం. వీటికి ఇంగ్లిష్ స్పెల్లింగులు కూడా పక్కన రాసుకోండి. ఇదంతా ఐదు నిమిషాల పని. దీన్ని దాటేసి నేరుగా వెతకబోయే వాళ్లు ఒక్క పేరుతో వెతికి, దొరక్కపోతే "ఆ పుస్తకం లేదట" అని లేచిపోతారు.

ఒక్క వరుసను పూర్తిగా చదవండి

కేటలాగులో ఒక పుస్తకానికి ఒకటి రెండు వరుసలే ఇస్తారు. అందులో ప్రతి మాటకూ పని ఉంటుంది. మామూలుగా మనం పేరు, ధర మాత్రమే చూసి మిగిలింది వదిలేస్తాం. నేనూ అలా చూసి నష్టపోయినవాణ్నే. చాలా ఏళ్ల కిందట ఒక ధరల పట్టికలో "బసవపురాణం" అనే మాట చూడగానే డబ్బు కట్టి పోస్టులో తెప్పించుకున్నాను. పార్శిల్ చేతిలో పెట్టగానే మరీ తేలిగ్గా అనిపించింది. దారం తెంచి, ఖాకీ కాగితం విప్పి చూస్తే వంద పేజీలైనా లేని వచన కథ. నాకు కావలసింది పాల్కురికి సోమనాథుడు ద్విపదలో, అంటే రెండేసి పాదాల ఛందస్సులో, రాసిన మూలం. ఆ పట్టికలోకి మళ్లీ వెళ్లి చూశాను. పేరు పక్కనే "సరళ వచనం" అని చిన్న అక్షరాల్లో ఉంది. పేజీల సంఖ్య కూడా ఉంది. చదవకపోవడం నా తప్పే. అయినా ఆ రోజు పడ్డ బాధ ఇప్పటికీ గుర్తుంది.

బసవపురాణంలోనే ఇంకో చిక్కు ఉంది. పాల్కురికి సోమన రాసింది ద్విపదలో. తరువాతి కాలంలో పిడుపర్తి సోమన అదే కథను పద్యకావ్యంగా రాశాడు. ఇద్దరూ సోమనలే, రెండూ బసవపురాణాలే. కేటలాగులో "బసవపురాణము, సోమన" అని మాత్రమే ఉంటే ఎవరిదో మీరు అడిగి తేల్చుకోవాలి. "ద్విపద" అనే మాట ముందు ఉంటే పాల్కురికి వారిది, "పద్య" అని ఉంటే పిడుపర్తి వారిది. ఆ ఒక్క మాటను బట్టి మీ ఇంటికి వచ్చే పుస్తకమే మారిపోతుంది.

ప్రతాపరుద్రుడి పేరు మీదున్న పుస్తకాలతోనూ ఇదే కష్టం. విద్యానాథుడి ప్రతాపరుద్రీయం సంస్కృత అలంకారశాస్త్రం. ఉదాహరణల్లో రాజును పొగుడుతుంది కాబట్టి దానికి ప్రతాపరుద్ర యశోభూషణం అనే పేరు కూడా ఉంది. వేదం వేంకటరాయశాస్త్రి గారి ప్రతాపరుద్రీయం తెలుగు నాటకం. ఏకామ్రనాథుడి ప్రతాపరుద్ర చరిత్రము పాత తెలుగు వచనంలో ఉన్న కాకతీయుల కథ. అక్షర క్రమంలో మూడూ పక్కపక్కనే వస్తాయి. మన ప్రశ్నకు మూడో పుస్తకం దగ్గరిది, రెండోది వినోదానికి బాగుంటుంది, మొదటిది అలంకారశాస్త్రం మీద ఆసక్తి ఉన్నవాళ్లకు. పేరు ఒకేలా ఉన్నప్పుడు రచయిత పేరు, ప్రక్రియ రెండూ చూడకుండా టిక్కు పెట్టకండి.

పొట్టి అక్షరాల దగ్గర కూడా జాగ్రత్త కావాలి. "పు." అంటే పుటలు, "వె." అంటే వెల, "ప్ర.ము." అంటే ప్రథమ ముద్రణ. "పరి." అంటే పరిష్కర్త, అంటే తాళపత్రాలనో పాత ప్రతులనో పోల్చి చూసి పాఠం సరిచేసినవారు. "అను." అంటే అనువాదకులు. అన్నిటికన్నా తిప్పలు పెట్టేది "సం." అది సంపాదకుడు కావచ్చు, సంపుటం కావచ్చు, సంవత్సరం కావచ్చు. దాని తరువాత మనిషి పేరు ఉంటే సంపాదకుడు, చిన్న అంకె ఉంటే సంపుటం, నాలుగంకెలు ఉంటే సంవత్సరం. "సం. 1, 3" అని కనిపిస్తే రెండో సంపుటం వాళ్ల దగ్గర లేదని అర్థం. భాగవతం లాంటి పెద్ద గ్రంథాలు కొనేటప్పుడు దీన్ని తప్పకుండా చూడండి. ఒక సంపుటం లేని సెట్టు ఇంట్లో ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది, ఆ ఒక్క సంపుటం విడిగా దొరకడం చాలా కష్టం.

ఇప్పుడు ఆ పుస్తకంలో మీకు ఎంత సాయం దొరుకుతుందో చెప్పే మాటలు చూద్దాం. "సటీక" అని ఉంటే మాటలకు అర్థాలు ఇచ్చి ఉంటారు. "టీకా తాత్పర్య సహితం" అంటే అర్థాలతో పాటు పద్యభావం కూడా ఉంటుంది. "లఘుటీక" అంటే కఠిన పదాలకు మాత్రమే. "వ్యాఖ్య" ఉంటే అలంకారాలు, వ్యాకరణ విశేషాలు, పాఠభేదాలు కూడా చర్చిస్తారు. ఏ మాటా లేకపోతే మూలపాఠం ఒక్కటే ఉందని అనుకోండి. పాత కావ్యం మొదటిసారి చదివేవాళ్లు మూలం మాత్రమే ఉన్న ప్రతి కొనవద్దని నా సలహా. ధర తక్కువని తీసుకుంటారు, పదో పద్యం దగ్గర ఆపేస్తారు. అందులో కవి తప్పూ లేదు, మీ తప్పూ లేదు, చేతికి వచ్చిన ప్రతి మీకు తగింది కాదు, అంతే. టీకా ఉన్న ప్రతికి పాతిక రూపాయలు ఎక్కువ పెట్టండి.

"పీఠిక" అనే మాట కనిపిస్తే ఆ పుస్తకం విలువ ఒక మెట్టు పెరిగిందని నేను లెక్కవేస్తాను. తెలుగు సాహిత్య విమర్శలో చాలా మంచి భాగం ఇలాంటి పీఠికల్లోనే ఉంది. కవి కాలం, ప్రతుల కథ, వివాదాలు అన్నీ అక్కడే దొరుకుతాయి. "సంగ్రహం", "ఎంపిక చేసిన పద్యాలు", "బాలల", "వచనం" అనే మాటలు ఉంటే అది మూలగ్రంథం కాదని తెలుసుకుని, కావాలనుకుంటేనే తీసుకోండి. వచనం చదవడం తక్కువ పనేమీ కాదు. పిల్లలకు పోతన భాగవతం ముందు వచనంలో చెప్పి తరువాత పద్యం చేతికివ్వడమే మంచిది. ఏది కొంటున్నామో తెలిసి కొనాలన్నదే నా మాట.

పేరు ఎన్ని రకాలుగా రాస్తారో అన్ని రకాలుగా వెతకండి

తెలుగు పుస్తకం దొరక్కపోవడానికి ఎక్కువసార్లు కారణం ఇదే. పుస్తకం లేక కాదు, మనం రాసిన పేరు, జాబితా చేసినవారు రాసిన పేరు కలవక.

మొదట చివరి అక్షరం చూడండి. పాతవాళ్లు "పురాణము, చరిత్రము, భాగవతము" అని రాస్తారు. మనం "పురాణం, చరిత్ర, భాగవతం" అంటాం. కంప్యూటర్‌కు ఇవి వేరువేరు మాటలు. అందుకే చివరి అక్షరాలు వదిలేసి "భాగవత", "చరిత్ర", "పురాణ" అని మాత్రమే కొట్టి చూడండి. తరువాత మొదటి మాట. పోతన భాగవతం కొన్ని చోట్ల "శ్రీమదాంధ్ర మహాభాగవతము" కింద, కొన్ని చోట్ల "ఆంధ్ర మహాభాగవతము" కింద, ఇంకొన్ని చోట్ల "పోతన భాగవతం" కింద ఉంటుంది. అక్షర క్రమంలో ఒకటి "శ" దగ్గర, ఒకటి "ఆ" దగ్గర, ఒకటి "ప" దగ్గర. కార్డుల డ్రాయర్‌లో అయితే మూడు డ్రాయర్లూ లాగాలి. అరసున్నలు, బండి ఱ ఉన్న పేర్లు అవి లేకుండా కూడా వెతకండి.

ఇంటిపేరుతో ఇంకో చిక్కు. మనం ఇంటిపేరు ముందు చెప్తాం: సురవరం ప్రతాపరెడ్డి, బమ్మెర పోతన. కొన్ని కేటలాగులు దాన్ని అలాగే ఉంచుతాయి, కొన్ని పాశ్చాత్య పద్ధతిలో చివరి మాటను ముందుకు తెస్తాయి. కాబట్టి "సురవరం" దగ్గర లేకపోతే "ప్రతాపరెడ్డి" దగ్గర చూడండి. ఒకే ఇంటిపేరున్న ఇద్దరు రచయితలు కలిసిపోవడం కూడా మామూలే. "దాశరథి" అని మాత్రమే ఉంటే అది అగ్నిధార రాసిన కృష్ణమాచార్య గారా, చిల్లర దేవుళ్లు రాసిన రంగాచార్య గారా అన్నది చూసుకోవాలి. ఇద్దరూ అన్నదమ్ములే, ఇద్దరూ మన ప్రాంతం వారే. ఒకరు కవి, ఒకరు నవలాకారుడు. కాళోజీ అనగానే నారాయణరావు గారే గుర్తొస్తారు గానీ అన్నగారు రామేశ్వరరావు గారు ఉర్దూలో కవిత్వం రాశారు.

కొన్ని పుస్తకాలకు కవి ఎవరో తేలలేదు. మన ఓరుగల్లు ప్రశ్నకు అన్నిటికన్నా దగ్గరైన పుస్తకం క్రీడాభిరామం అలాంటిదే. గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు స్నేహితులు ఓరుగల్లు వీధుల్లో తిరుగుతూ చూసినవన్నీ చెప్పుకునే వీధినాటకం అది. లక్ష్మణవజ్ఝల ఇంట రూకకు దొరికే పూటకూటి భోజనం పద్యం అందులోదే. ఏకవీర గుడి, మైలారుదేవుడి జాతర కూడా అందులో కనిపిస్తాయి. కవి వినుకొండ వల్లభరాయడని పుస్తకం చెప్తుంది. అది శ్రీనాథుడి రచనే అని వాదించిన పండితులు ఉన్నారు. అందువల్ల కొన్ని జాబితాల్లో ఇది వల్లభరాయడి కింద, కొన్నిటిలో శ్రీనాథుడి కింద ఉంటుంది. ఇలాంటి పుస్తకాన్ని కవి పేరుతో వెతకకండి, పుస్తకం పేరుతోనే వెతకండి. వేటూరి ప్రభాకరశాస్త్రి గారు పరిష్కరించిన ప్రతి దొరికితే దాన్నే తీసుకోండి.

పక్కకు చూడండి

ఇది నాకు చాలా ఇష్టమైన భాగం. మీకు కావలసిన పుస్తకం దొరికాక ఆగిపోకండి. దాని పక్కన ఏముందో చూడండి.

హనుమకొండలో శ్రీ రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం 1904లో మొదలైంది. నిజాం కాలంలో తెలుగు చదువుకు ఊపిరి పోసిన గ్రంథాలయాల్లో అది ఒకటి. అలాంటి పాత లైబ్రరీల్లో పనిచేసినవాళ్లకు కార్డుల డ్రాయర్ అంటే ఏమిటో తెలుసు. అరచేయంత కార్డు, కింద రంధ్రం, అందులోంచి పోయే ఇనుప కడ్డీ. పైఅంచు వందల వేళ్ల రాపిడికి నల్లబడి ఉంటుంది. ఏ కార్డు ఎక్కువ నల్లబడిందో ఆ పుస్తకాన్ని ఎక్కువ మంది వెతికారని అర్థం. ఒక కార్డు దగ్గర ఆగి ముందు ఐదు, వెనక ఐదు తిప్పి చూడండి. కంప్యూటర్‌లో మనం అడిగిందే వస్తుంది. డ్రాయర్‌లో మనం అడగనిది కూడా చేతికి తగులుతుంది. డ్రాయర్ ఉన్న లైబ్రరీ మీకు అందుబాటులో ఉంటే ఒక మధ్యాహ్నం దానికి ఇవ్వండి.

లైబ్రరీ పుస్తకం వీపు మీద ఉండే అంకెలు కూడా ఈ పనికే. చాలా గ్రంథాలయాలు డ్యూయీ దశాంశ పద్ధతి వాడతాయి. 1876లో మొదలైన పద్ధతి అది. అందులో తెలుగు సాహిత్యం 894.827 దగ్గర, తెలుగు భాష 494.827 దగ్గర, జానపద సాహిత్యం 398 దగ్గర, భారతదేశ చరిత్ర 954 దగ్గర వస్తాయి. ఈ నాలుగు అంకెలు ఫోన్‌లో రాసి పెట్టుకోండి, చాలు. పోతన భాగవతం సాహిత్యం అల్మారాలో కనిపించకపోతే 294.5 దగ్గర చూడండి. పురాణం కదా అని హిందూ మతం కింద పెట్టి ఉండవచ్చు. ఒక చోట కవిత్వం, ఒక చోట మతం. రెండూ సరైనవే.

మన ప్రశ్నకు ఈ అంకెలు ఎలా పనికొస్తాయో చూడండి. క్రీడాభిరామం 894.827లో దొరికింది. అదే ప్రశ్నతో 954 దగ్గరకు నడిస్తే సురవరం ప్రతాపరెడ్డి గారి ఆంధ్రుల సాంఘిక చరిత్ర ఉంటుంది. 1949లో వచ్చిన ఆ పుస్తకం 1955లో తెలుగుకు మొదటి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం తెచ్చింది. కాకతీయుల కాలం గురించి రాసేటప్పుడు ఆయన క్రీడాభిరామాన్ని ఆధారంగా పట్టుకుని తిండి, బట్ట, ఆటలు, జాతరలు అన్నీ బయటికి తీశారు. కావ్యం ఒక అల్మారాలో, దాన్ని చదివి చరిత్ర రాసిన పుస్తకం ఇంకో అల్మారాలో. రెండూ ఇంటికి తెచ్చుకుని పక్కపక్కన పెట్టుకుని చదివితే ఒక్కో పద్యం వెనక ఎంత ఊరు ఉందో తెలుస్తుంది. పాత మాటల కోసం శబ్దరత్నాకరమో, సూర్యరాయాంధ్ర నిఘంటువో దగ్గర ఉంచుకోండి. ఇంట్లో లేకపోతే ఆంధ్రభారతి వెబ్‌సైటులో ఎన్నో నిఘంటువులు ఒకేసారి వెతకవచ్చు.

పరిశోధన గ్రంథాల సంగతి

యూనివర్సిటీ పుస్తకాల జాబితా చూడగానే చాలామందికి టెన్షన్ వస్తుంది. పేర్లు పొడుగ్గా ఉంటాయి, ధరలు ఎక్కువ. కానీ వాటిని పసిగట్టడం కావ్యాల కన్నా తేలిక. పేరు చివర "ఒక పరిశీలన", "సమగ్ర పరిశీలన", "అనుశీలన" అని ఉంటే అది దాదాపు ఎప్పుడూ ఎం.ఫిల్. లేదా పిహెచ్.డి. కోసం రాసిన సిద్ధాంత గ్రంథమే. వాటిలో బాగున్నవీ ఉన్నాయి, లేనివీ ఉన్నాయి. తేడా తెలుసుకోవడానికి వెనక పేజీలు చూడాలి. విషయసూచిక, ఉపయుక్త గ్రంథసూచి, పదసూచి ఉన్నాయా? పదసూచి ఉన్న పరిశోధన గ్రంథాన్ని నేను ముందు తీసుకుంటాను. చదివేవాడు తిరిగి తిరిగి వస్తాడని రాసినవారు అనుకున్నారన్న మాట.

మన ప్రాంతం నుంచే ఒక మంచి ఉదాహరణ ఉంది. దేవనూరులో పుట్టిన బిరుదురాజు రామరాజు గారు తెలుగు జానపద గేయ సాహిత్యం మీద ఉస్మానియాలో చేసిన పరిశోధన పుస్తకంగా వచ్చింది. ఆ తరువాత జానపద సాహిత్యం మీద పనిచేసేవాళ్లకు అది తప్పక చూడాల్సిన పుస్తకం. మీ ప్రశ్న పాటల గురించో, ఒగ్గు కథల గురించో, సమ్మక్క సారలమ్మ కథ గురించో అయితే 398 దగ్గర మొదలుపెట్టండి. తెలుగు విశ్వవిద్యాలయం వారి జానపద గిరిజన విజ్ఞాన పీఠం వరంగల్‌లోనే ఉంది. ఆ విశ్వవిద్యాలయం ప్రచురణల జాబితాను ఒకసారి మొదటి నుంచి చివరి దాకా చదవడం మంచిది.

ఇంగ్లిష్ పరిశోధన గ్రంథాల దగ్గర పేరు చూసి మోసపోవద్దు. పి.వి. పరబ్రహ్మశాస్త్రి గారి "ది కాకతీయాస్ ఆఫ్ వరంగల్" పేరులోనే విషయం ఉంది, 1978లో ప్రభుత్వం ప్రచురించింది, ఏ పేరుతో వెతికినా దొరుకుతుంది. సింథియా టాల్బట్ 2001లో రాసిన పుస్తకం పేరు "ప్రీకలోనియల్ ఇండియా ఇన్ ప్రాక్టీస్". ఆ పేరులో వరంగల్ లేదు, కాకతీయుల మాటా లేదు. ఉపశీర్షికలో మాత్రం మధ్యయుగ ఆంధ్రం అని ఉంది. కానీ శాసనాల ఆధారంగా కాకతీయుల కాలపు సమాజం గురించి రాసిన ముఖ్యమైన పుస్తకాల్లో అది ఒకటి. పేరుతో మాత్రమే వెతికితే అది మీ కంట పడదు. అందుకే ఆన్‌లైన్ కేటలాగులో "టైటిల్" పెట్టెతో పాటు "సబ్జెక్ట్" అనే పెట్టెలోనూ వెతకండి. ఒక పుస్తకం దొరికాక దాని వివరాల్లో ఏ సబ్జెక్ట్ మాటలు ఇచ్చారో చూసి వాటినే మళ్లీ కొట్టండి. అప్పుడు ఆ విషయం మీద ఉన్న మిగతా పుస్తకాలు బయటికి వస్తాయి.

అనువాదాల పేర్లు కూడా అంతే. మనుచరిత్ర మూర్తి క్లాసికల్ లైబ్రరీ అనే పుస్తకాల వరుసలో "ది స్టోరీ ఆఫ్ మను" పేరుతో ఉంది. ఎడమ పేజీలో తెలుగు మూలం, కుడి పేజీలో ఇంగ్లిష్. ఇంగ్లిష్ మీడియంలో చదువుకుని తెలుగు పద్యానికి దూరమైన మన పిల్లలకు అలాంటి పుస్తకం చేతికిస్తే బాగుంటుంది.

ఆన్‌లైన్‌లో వెతికేటప్పుడు

పాత తెలుగు పుస్తకాలు స్కాన్ చేసిన రూపంలో ఇంటర్నెట్ ఆర్కైవ్ (archive.org) సైటులో వేలకొద్దీ ఉన్నాయి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కింద స్కాన్ చేసినవి చాలా అక్కడికి చేరాయి. కానీ వాటి పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో వింతగా రాసి ఉంటాయి. దీర్ఘానికి "ఎ" అక్షరం రెండుసార్లు, సున్నా ఉన్న చోట "ఎన్" పక్కన పైకొమ్మ (అపాస్ట్రఫీ). మనం మామూలుగా రాసే స్పెల్లింగుతో అవి దొరకవు. పేరులో దీర్ఘాలు లేని చిన్న ముక్క పట్టుకుని వెతకండి, లేదా రచయిత పేరుతో వెతకండి. తెలుగు లిపిలోనూ ఒకసారి కొట్టండి. స్కాన్ దొరికాక మధ్యలో ఇరవై, చివర పది పేజీలు తిప్పి చూడండి. పేజీలు పోయినవి, తలకిందులైనవి ఉంటాయి.

తెలుగు వికీసోర్స్‌లో కొన్ని పుస్తకాలు టైపు చేసి, స్కాన్‌తో పోల్చి దిద్ది పెట్టారు. వాటిలో మాట పట్టుకుని వెతకవచ్చు. సిద్ధాంత గ్రంథాలకు శోధ్‌గంగ ఉంది. దేశంలోని విశ్వవిద్యాలయాల థీసిస్‌లు అక్కడ ఉచితంగా చదవవచ్చు. కొనే ముందు ఆ థీసిస్ అక్కడ ఉందేమో చూసుకుంటే ఖర్చు తప్పుతుంది. కొన్ని సంస్థలు తమ జాబితాను పీడీఎఫ్‌గా పెడతాయి. అది యూనికోడ్ కాని పాత "అను" ఫాంట్లలో టైపు చేసి ఉంటే అందులో వెతుకులాట పనిచేయదు. అక్కడ కళ్లతోనే చదవాలి.

ఏది ఉచితంగా దించుకోవచ్చో తెలుసుకోవడానికి ఒక లెక్క ఉంది. మన చట్టం ప్రకారం రచయిత చనిపోయిన తరువాతి సంవత్సరం మొదటి నుంచి 60 ఏళ్లు హక్కులు ఉంటాయి. ప్రతాపరెడ్డి గారు 1953లో పోయారు కాబట్టి ఆయన రచనలు 2014 నుంచి అందరివీ. కాళోజీ గారు 2002లో పోయారు, ఆయన పుస్తకాలు కొనే చదవాలి. పాత కావ్యానికి హక్కు లేకపోయినా ఈమధ్య రాసిన టీకకు ఉంటుంది. అది గుర్తుంచుకోండి.

సంవత్సరం దగ్గర తడబడితే

పాత పుస్తకాల్లో ముద్రణ సంవత్సరం తెలుగు పేరుతో ఉంటుంది. "విరోధి" అని ఉంటే అది 1949 కావచ్చు, 1889 కావచ్చు, 2009 కూడా కావచ్చు. అరవై ఏళ్లకోసారి అదే పేరు తిరిగి వస్తుంది. కాగితం, అచ్చు, వెల చూసి తేల్చుకోవాలి. వెల అణాల్లో ఉంటే పాతదే. నిజాం రాజ్యంలో అచ్చయిన వాటి మీద ఫసలీ సంవత్సరం ఉంటుంది. దానికి 590 కలిపితే మన లెక్కకు దగ్గరగా వస్తుంది. 1357 ఫసలీ అంటే 1947 అక్టోబరుతో మొదలయ్యే సంవత్సరం.

ముద్రణ విషయంలో "పునర్ముద్రణ" అంటే పాతదే మళ్లీ అచ్చువేశారు. "సవరించిన ముద్రణ", "పరివర్ధిత ముద్రణ" అంటే మార్పులు చేశారు. పరిశోధన గ్రంథమైతే కొత్తది తీసుకోండి. కావ్యమైతే పరిష్కర్త ఎవరో చూసి తీసుకోండి, కొత్తదే మంచిదని లేదు.

చీటీ, ఆర్డరు

ఇప్పుడు మీ కాగితం మీద పది పన్నెండు పేర్లు చేరి ఉంటాయి. అన్నీ కొనవద్దు. మూడు గుంపులు చేయండి. ఒకసారి చదివితే చాలు అనిపించేవి లైబ్రరీలో చదవండి. తిరిగి తిరిగి తీసేవి, అంటే మూలకావ్యం, నిఘంటువు, ఒక మంచి చరిత్ర, కొనండి. మిగతావి స్కాన్‌లో చూడండి.

లైబ్రరీలో అడిగేటప్పుడు చీటీ మీద పుస్తకం పేరు, రచయిత, పరిష్కర్త, వీపు మీది అంకె, అన్నీ రాసి ఇవ్వండి. "క్రీడాభిరామం ఉందా సార్?" అని నోటితో అడిగితే లేదనే జవాబు తొందరగా వస్తుంది. చీటీ ఇస్తే ఆయన లేచి అల్మారా దాకా వెళ్తారు. దొరక్కపోతే అక్సెషన్ రిజిస్టరు చూడమనండి. కేటలాగులో కార్డు పోయినా రిజిస్టరులో వచ్చిన తేదీతో సహా పుస్తకం పేరు ఉంటుంది. కాకతీయ విశ్వవిద్యాలయం లైబ్రరీలో చూడాలంటే ముందే ఫోన్ చేసి బయటి పాఠకులకు ఏ నియమాలున్నాయో కనుక్కుని వెళ్లండి. తెలిసిన రీసెర్చ్ స్కాలర్ ఉంటే పని ఇంకా తేలిక.

కొనేటప్పుడు ఆర్డరుకు ముందు ఒక ఫోన్ చేయండి. పేజీలు ఎన్ని, టీక ఉందా, అన్ని సంపుటాలూ ఉన్నాయా, ఏ సంవత్సరం ముద్రణ, ఈ నాలుగు అడగండి. మంచి పుస్తకాల షాపువాళ్లు ఈ ప్రశ్నలకు విసుక్కోరు, పుస్తకం తెప్పించి ఎదురుగా పెట్టుకుని చెప్తారు. పార్శిల్ వచ్చిన రోజే ప్రతి సంపుటం మొదటి పేజీ, చివరి పేజీ, మధ్యలో కుట్టు చూడండి. కొన్నిసార్లు ఒక పదహారు పేజీల ఫారం రెండుసార్లు కలిసి, ఇంకోటి తప్పిపోయి ఉంటుంది. వారంలోపు చెప్తే మార్చి ఇస్తారు. ఆరు నెలల తరువాత చదవడం మొదలుపెట్టి అప్పుడు చూసుకుంటే చేసేదేమీ ఉండదు.

ఆ కాగితం పారేయకండి. ప్రశ్న పైన, పేర్లు కింద, దొరికినవాటికి టిక్కు, దొరకనివాటి పక్కన ఎక్కడెక్కడ చూశారో రాసి, కొన్న పుస్తకం లోపలి అట్టకు ఆనించి పెట్టుకోండి. నవంబరు 14 నుంచి జరిగే గ్రంథాలయ వారోత్సవాలప్పుడో, డిసెంబరులో హైదరాబాద్ బుక్‌ఫెయిర్‌కు వెళ్లేటప్పుడో ఆ కాగితం జేబులో పెట్టుకుని వెళ్లవచ్చు.